రొద మాత్రమే, వాడుకోవచ్చు

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని నా చొక్కా బొత్తాం ఊడిందని ఇందాకటి నుంచి సైగ చేస్తున్న మా ఆవిడకు, చిట్టచివర తలుపు పక్కన, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచిపోవడానికి వీలుగా కూర్చున్న మన స్టోర్ బాబాయ్ గారికి నమస్కారం.

అధ్యక్షులవారు పొగుడుతుంటే, ఎవరినో అనుకుని నేనూ చప్పట్లు కొట్టాను. (నవ్వులు) ముప్పై నాలుగేళ్ళలో ఈ సినిమా భాండాగారంలో ఒక్క రీలు కూడా నా చేతుల్లో పాడవలేదన్నారు. నిజమే. అయ్యా, మీరు రీలు అన్నారు కాబట్టి బతికిపోయాను. క్యాసెట్టు అని ఉంటే నాకు అక్కడే చెమటలు పట్టేవి. మీరంతా నవ్వుతున్నారు, నవ్వండి. ఇంకాసేపటికి నవ్వు రాదు.

మన కేటలాగు అమ్మాయి మీకందరికీ తెలుసు. అలవాటు కొద్దీ అమ్మాయి అంటున్నాను గానీ ఆమెకు ఇద్దరు పిల్లలు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఒక వీడియో గేమ్ కోసం వెతుకుతోందని కూడా మీకు తెలుసు, ఎందుకంటే మీలో టీ తాగడానికి వచ్చి ఆ కథ వినకుండా వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. ఆ దీపస్తంభం సినిమా మనందరం చూసిందే, ప్రింటు మన దగ్గర భద్రంగా ఉంది. సినిమాతో పాటే దాన్ని తీసిన కంపెనీవాళ్ళు ఒక గేమ్ కూడా విడుదల చేశారు. అప్పట్లో ఇళ్ళలో వాడే చిన్న కంప్యూటర్లకు గేములు పాటల క్యాసెట్లలాంటి వాటిలోనే వచ్చేవి. ఓడ వచ్చి బండకు గుద్దుకునే లోపు మెట్లన్నీ ఎక్కి దీపం వెలిగించాలి, అదీ గేమ్. సినిమా ఆడింది, గేమ్ అమ్ముడుపోలేదు. వెనక్కి వచ్చిన క్యాసెట్లను కంపెనీ చెత్తలో వేసింది. ఇవాళ ఒక్కటి కూడా ఎక్కడా లేదు.

ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. పాత పత్రికలో అరపేజీ ప్రకటన దొరికింది. మూతపడిన ఒక దుకాణంలో ఖాళీ పెట్టె దొరికింది, లోపల క్యాసెట్టు లేదు. ఇంకో పత్రికలో ఎవరో పాఠకుడు రాసిన ఉత్తరం దొరికింది. "నూట పదో మెట్టు దగ్గర ఆగిపోతున్నాను, తర్వాత ఏం చెయ్యాలి?" అని. జవాబు వచ్చే సంచికలో ఇస్తామన్నారు. ఆ సంచిక ఎక్కడా దొరకలేదు. అప్పటి నుంచి ఆమెకు నూట పదో మెట్టు పిచ్చి పట్టుకుంది. (నవ్వులు)

మూడేళ్ళ కిందట ఒకరోజు ఆయాసపడుతూ నా గదిలోకి వచ్చింది. చేతిలో మన పాత ఆమద్ రిజిస్టరు, వచ్చిన వస్తువులన్నీ రాసుకునేది. "సార్, లోకమంతా తిరిగాను, అది మన ఇంట్లోనే ఉంది సార్! చూడండి" అంది. చూశాను. "దీపస్తంభం సినిమా. ఆట. క్యాసెట్టు ఒకటి. అందినది." కింద స్టోర్ బాబాయ్ సంతకం.

ఆట అన్న ఆ మాటను నేను అంతకు ముందే ఒకసారి చదివాను.

మిత్రులారా, మనం సినిమావాళ్ళం. మనకు ఆట అంటే పొద్దుటి ఆట, మొదటి ఆట, రెండో ఆట. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట నేనిక్కడ రికార్డింగు అసిస్టెంటును. అప్పటి డైరెక్టరు, మనమంతా పెద్దాయన అనేవాళ్ళం, రిటైరవుతున్న రోజున ఆయన ప్రసంగం రికార్డు చెయ్యమన్నారు. కొత్త క్యాసెట్టు లేదు. రికార్డింగు పాడైనవాటిని ఒకసారి విని, వాడకం పుస్తకంలో రాసి, మళ్ళీ వాడుకోవడం అప్పటి మన పద్ధతి. అల్మరాలోంచి ఒకటి లాగాను. పైన ఆట అని రాసుంది. ఎవరో హాల్లో ఆట జరుగుతుండగా ఆ శబ్దం పట్టి పంపారనుకున్నాను. పెట్టి విన్నాను. మాటల్లేవు, పాటల్లేవు, చెవులు చిల్లులు పడేలా కీచుమంటూ ఒకటే గోల. పుస్తకంలో రాశాను: "రొద మాత్రమే. వాడుకోవచ్చు." సంతకం పెట్టాను. అది నా చేతిరాత.

ఆ రొదే గేమ్. కంప్యూటరుకు వినిపిస్తే అది బొమ్మవుతుంది, మెట్లవుతుంది. నాకు వినిపిస్తే రొద అయింది. పెద్దాయన ప్రసంగాన్ని దాని మీదే రికార్డు చేశాను.

అంతవరకూ తెలియక చేసింది. దానికి నన్ను ఎవరూ తప్పు పట్టరు, నేనూ పట్టుకోను. నాకు సిగ్గనిపించేది ఆ తర్వాత తెలిసి చేసింది. ఆమె రిజిస్టరు తెచ్చిన రోజున "చూద్దాంలే అమ్మా" అని పంపేసి, ఆమె కంటే ముందు స్టోరులోకి వెళ్ళి, ఆ వాడకం పుస్తకం తెచ్చి నా సొరుగులో పెట్టి తాళం వేశాను.

క్యాసెట్టు అందినట్టు సంతకం ఉంది, క్యాసెట్టు లేదు. మరి ఎవరు జవాబు చెప్పాలి? రెండు నెలల్లో రిటైరవబోతున్న బాబాయ్‌కి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. విభాగాధికారిగా దాని మీద సంతకం నాది. బాబాయ్ నా గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "తీసుకున్నాను బాబూ, అల్మరాలో పెట్టాను. తర్వాత ఏమైందో నాకు తెలీదు. నేనెలాంటివాణ్ణో నీకు తెలుసు కదా. పైవాళ్ళకి ఒక్క మాట చెప్పు" అన్నారు.

"రాతపూర్వకంగా ఇవ్వండి బాబాయ్" అన్నాను నేను.

నా పెళ్ళికి అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసిన మనిషితో అన్నాను ఆ మాట. ఆయన వీడ్కోలు సభ వద్దన్నారు. గేటు దగ్గర తాళాల గుత్తి ఇచ్చేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మనవాళ్ళు ఏ వస్తువు కనబడకపోయినా "క్యాసెట్టు బాబాయ్‌ని అడగండి" అని వేళాకోళం ఆడేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అందరికంటే కాస్త గట్టిగానే నవ్వేవాణ్ణి.

పోయిన నెల గది ఖాళీ చేస్తుంటే ఆ పుస్తకం మళ్ళీ చేతికి తగిలింది. పెద్దాయన క్యాసెట్టు వెతికి తీసి, తలుపు వేసుకుని విన్నాను. ఒక వైపు ముప్పై నిమిషాలు. పెద్దాయన సంగతి పాతవాళ్ళకు తెలుసు, మైకు దొరికితే వదిలేవారు కాదు. వచ్చిన అతిథికి మూడుసార్లు, గేటు కాపలా అతనికి రెండుసార్లు కృతజ్ఞతలు చెప్పి, ఇరవై ఆరో నిమిషంలో ముగించారు. చప్పట్లు వినిపించాయి. కుర్చీలు జరిపారు. "అయిపోయిందిలే, ఆపేస్తున్నా" అని ఒక గొంతు. అది నాదే. టక్కుమని ఒక శబ్దం.

ఆ వెంటనే మొదలైంది రొద.

నాలుగు నిమిషాలుంది. ఒక్కసారి విని ఆపేశాను, మళ్ళీ ముట్టుకోలేదు. రెండో వైపు మొదటి నుంచీ ఖాళీయే. ఆ నాలుగు నిమిషాల్లో ఒక బొమ్మయినా వస్తుందో రాదో, అవి నూట పదో మెట్టుకు పైవో కిందివో నాకు తెలీదు.

మర్నాడు బాబాయ్ ఇంటికి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. సభకు రమ్మని మాత్రం పిలిచి, టీ తాగి వచ్చేశాను. "నువ్వు పిలిచావు కాబట్టి వస్తా. వెనకాల కూర్చుంటా" అన్నారు. దారిపొడుగునా ఆలోచించాను. వాళ్ళింట్లో చెప్పి ఉంటే ఆయన "పోనీలే బాబూ" అని ఉండేవారు, నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వచ్చేసేవాణ్ణి, ఇక్కడ మాత్రం ఆయన క్యాసెట్టు బాబాయ్‌గానే మిగిలిపోయేవారు. నలుగురిలో పోయిన పేరును ఇంట్లో కూర్చుని తిరిగిచ్చానంటే కుదరదు.

బాబాయ్, క్యాసెట్టు మీరు పోగొట్టలేదు. నేను పాడుచేశాను, నేనే దాచాను, మీ మీదకు నేనే తోశాను. లేవకండి బాబాయ్, ఒక్క నిమిషం. డైరెక్టరు గారూ, ఇదిగో వాడకం పుస్తకం, ఇదిగో ఆ నోటీసు తప్పని నేను రాసిచ్చిన కాగితం. రాతపూర్వకంగానే ఇస్తున్నాను.

అమ్మా, ఈ కవర్లో ఉన్నది నీ క్యాసెట్టు. ఎనిమిదేళ్ళు వెతికావు, అందులో మూడేళ్ళు నా వల్ల వృథా అయ్యాయి. దీని కోసం నువ్వు రాసిన ఉత్తరాలన్నిటి మీదా "వెతుకుతున్నాము" అని సంతకాలు పెట్టిందీ నేనే. నువ్వు నా వైపు చూడకపోవడం న్యాయమే.

ఇంతమంది వచ్చారు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. కానీ పెద్దాయన ఆ రోజు పేరుపేరునా చెప్పకుండా పది నిమిషాల్లో ముగించి ఉంటే, గేములో సగానికి పైగా మిగిలేది. ఇంకో నాలుగు నిమిషాలు మాట్లాడి ఉంటే ఏమీ మిగిలేది కాదు. ఆ మూల నా మాటలు రికార్డు చేస్తున్న అమ్మా, నువ్వు పెట్టినదాంట్లో ముందు ఏముందో చూసుకున్నావా? చూసుకునే ఉంటావు, నువ్వు నాలాంటిదానివి కాదు. అయినా నాకు భయంగా ఉంది. ఇక్కడితో ఆపేస్తాను.

సెలవు.