గాలిమామ పడవకి తోడు

"నేను చెప్పేదాంట్లో వెంట్రుకవాసి అబద్ధమున్నా ఈ టీ నా గొంతు దిగకూడదు," అని ఒట్టేసి, గాలిమామ గ్లాసు పెదవుల దాకా తెచ్చి, ఎందుకైనా మంచిదని తాగకుండానే బల్లమీద పెట్టేశాడు.

గాలి తన మాట వింటుందని చెప్పుకునేవాడు కాబట్టి ఆయనకి ఆ పేరు. రేవులో వాళ్ళనడిగితే కారణం వేరే చెప్తారు.

రేవు పక్కన రేకుల కప్పు టీ కొట్టు అది. పొద్దున్న పట్టిన ముసురు ఎలాంటిదంటే, ఎదురుగోడ నాని నాని కునుకుపాట్లు పడుతున్నట్టు ఓ పక్కకి ఒరిగింది. కొట్టు ముందే తాళ్ళకి వేలాడుతున్నట్టుగా ఉంది ముసలి తెరచాప పడవ. గాలిమామకీ, తమ్ముడికీ కలిపి తండ్రి వదిలిపోయింది. దాన్ని బాగుచేయించాలా, అమ్మేయాలా అన్నది ఇవాళ తేలిపోవాలి. కొంటానన్న హోటలాయన సాయంత్రం వస్తాడు. పడవని తన హోటలు గేటు పక్కన నేలమీద పెట్టి, లోపల మట్టి పోసి, పూలమొక్కలు నాటిస్తాడట. తమ్ముడు సరేనన్నాడు. గాలిమామకి అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. అందుకే వడ్రంగిని ఎదురుగా కూచోబెట్టుకుని పడవ గొప్పలు ఎత్తుకున్నాడు. వడ్రంగి నోట 'బాగుచేయొచ్చు' అన్న మాట పడితే తమ్ముడు కాదనలేడని ఆయన ఆశ.

"పెద్ద విషయమేం కాదులే. ఓసారి గాలివానకి తెరచాప చిరిగింది. కప్పుకునే బొంత తీసి కట్టాను. ఇంటికొచ్చేశాం. అంతే."

"అంతేనా?" అంది టీ కొట్టు అక్క, అంతే కాదని తెలిసి.

"అంతే అంటే అంతేనా మరి. అది మా అమ్మ కుట్టిన బొంత. కట్టానో లేదో పడవ లేచిందీ, అడుగు నీళ్ళకి తగిలితే ఒట్టు. కాసేపయ్యాక చూద్దును కదా, బొంత చప్పగా వాలిపోయింది. ఎందుకో తెలుసా? గాలినే దాటి ముందుకొచ్చేశాం. ఇక చేసేదేముంది, లంగరేసి కూచున్నాం అదొచ్చేదాకా. పాపం, రొప్పుకుంటూ వచ్చింది."

"గాలి రొప్పిందా?" అన్నాడు వడ్రంగి.

"అంత దూరం పరిగెత్తితే నువ్వు రొప్పవూ? ఆ తర్వాతేమైందో విను. రేవుకొచ్చి తాడు కడుతూ కిందకి చూస్తే పడవకి నీడ లేదు. ఎక్కడో వెనకబడిపోయింది. మర్నాడు పొద్దెక్కాక ఒక్కతే ఈదుకుంటూ వచ్చింది. మళ్ళీ ఎటు పోతుందోనని దానికీ ఓ తాడు కట్టాను."

టీ కొట్టు అక్క నవ్వింది. వడ్రంగి నవ్వలేదు. పొద్దున్నే పడవలోకి దూరి అంతా తట్టి చూసొచ్చిన మనిషి. ఆ మొహం చూసి గాలిమామ గొంతు ఇంకాస్త పెంచాడు.

"వాన సంగతి చెప్పనేలేదు కదూ. అంత వానలోనూ లోపల చినుకు పడలేదు. ప్రతి చినుకూ పడబోయే ముందు కిందకి చూసి, ఎవరి పడవో ఆనవాలు పట్టి, పక్కకి తప్పుకుంది. అలలు అంచుదాకా వచ్చి, క్షేమం కనుక్కుని వెళ్ళేవి. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క లోపలికి వస్తే చెప్పుచ్చుకుని కొట్టు. అది పడవ కాదయ్యా, నాకు తోడు."

"తోడింది నేను," అన్నాడు తమ్ముడు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి, ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, వానకేసి చూస్తున్నాడతను.

"ఏంట్రా?"

"నువ్వు చుక్కాని దగ్గర కూచుని పాడుతుంటే నేను అడుగున కూచుని డబ్బాతో నీళ్ళు తోడుతున్నాను. ఆ రోజనేముంది, ఏ రోజైనా అంతే. గాలి ముందుందో వెనకుందో నాకేం తెలుసన్నయ్యా, నేను తలెత్తితే కదా. ఇప్పుడీ కుడిచెయ్యి పైకి లేవట్లేదు. చొక్కా నీ మరదలే తొడుగుతోంది."

గాలిమామ వడ్రంగి వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవయ్యా. కొత్త పలకలేస్తే నీళ్ళు రావుగా."

"వెయ్యమంటే వేస్తాను మామా. కానీ మేకు పట్టుకోడానికి లోపల గట్టి చెక్కంటూ ఉండాలి కదా. ఎక్కడ తట్టినా దిండు మీద కొట్టినట్టే ఉంది."

గాలిమామ నోట మాట లేదు. రేవు పుట్టాక అలా జరగడం అదే మొదలు. ఏమైందోనని చేపలు కూడా తలలు పైకి పెట్టాయి. ఆయన చెవిలో మాత్రం డబ్బా అడుగుచెక్కకి గీసుకునే చప్పుడొకటి ఆగకుండా తిరుగుతోంది. ఇన్నేళ్ళూ తమ్ముడు తన పాటకి తాళం వేస్తున్నాడనే అనుకున్నాడు.

"వాడి టీ చల్లారిపోయినట్టుంది, ఇంకోటి పొయ్యమ్మా," అన్నాడు చివరికి. తర్వాత వడ్రంగి భుజం తట్టాడు.

"నువ్వు లే. వెళ్ళి హోటలాయన్ని సాయంత్రం దాకా ఆగొద్దను. నా మనసు మళ్ళీ మారకముందే రమ్మను. ఇంకో మాట. పడవ మూతి నీళ్ళవైపు పెట్టాలట, గోడవైపు తిప్పితే మొక్కలు బతకవట అని చెప్పు."

"నిజంగా బతకవా మామా?"

"అది నీకెందుకు. చెప్పిరా. బయట వాన ఆగేట్టు లేదు, నా గొడుగు పట్టుకెళ్ళు."