గదికి రెండు పాయింట్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద మేనేజరుగారికి, వేదిక మీది పెద్దలకు, ఆకలేస్తున్నా మర్యాద కోసం కదలకుండా కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం. మధ్య కుర్చీలో బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని కూర్చున్న మా ఆయనకి కూడా నమస్కారం. ఇంట్లో ఈ మర్యాద దొరకదు, ఇక్కడే పుచ్చుకోండి. (నవ్వులు)

భార్యగా నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లెక్కల టీచర్ని కాబట్టి నాలుగంటే నాలుగే మాట్లాడి దిగిపోతానని మాత్రం ఆశ పెట్టుకోకండి. అధ్యక్షులవారు ఇందాక ఒక శుభవార్త చెప్పారు. మా ఆయన రిటైరైనా ఆఫీసు ఆయన్ని వదలదట, సోమవారం నుంచి సలహాదారుగా మళ్ళీ ఈ మెట్లే ఎక్కుతారట. మీరందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నా పక్కన కూర్చున్న క్యాషియరమ్మ, "మీకు ముందే తెలిసుంటుందిలే వదినా" అంది. తెలియకేం తల్లీ! నీకంటే అర సెకను ముందు తెలిసింది, మైకు నావైపే ఉందిగా. (నవ్వులు)

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడనివ్వండి, నా కాళ్ళు ఎలాగూ మా హాల్లో వైరు తన్నుకుని వాచే ఉన్నాయి. ఆ వైరు కథ చెబితేగానీ ఈ శుభవార్త నాకెందుకు మింగుడుపడలేదో మీకు అర్థం కాదు.

బడిలో ఉద్యోగం మానేశాక నేను మా ఇంటి వెనక గదిలో కూర్చుని కంప్యూటర్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. హాల్లో ఉన్న వైఫై రెండు గోడలు దాటి నా దగ్గరికి వచ్చేసరికి దానికి ఆయాసం వచ్చేది. భాగహారం మధ్యలో, నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే తెర మీద ఆగిపోయేదాన్ని. ఒక గడుగ్గాయి "టీచరు ఆవులిస్తోందిరోయ్" అని అరిచాడు. అది విని ఈయనకు రోషం పొడుచుకొచ్చింది. మీరంతా 'వైర్ల బాబాయ్' అని పిలిచే మనిషి కదా మరి! "ఆఫీసంతా వైర్లు లాగించినవాణ్ణి, నా పెళ్ళాం పాఠం ఆగిపోతే నా పరువేం కాను? రిటైరయ్యేలోపు ఇల్లంతా ఇంటర్నెట్ వైరింగ్ చేయించేస్తా. ఆ తర్వాత వెనక గదిలో మనిద్దరికీ ఒకటే బల్ల. నువ్వు పాఠం చెప్పు, నేను పక్కన కూర్చుని పిల్లల లెక్కలు దిద్దుతా" అన్నారు. అధ్యక్షా, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాతో పలికిన అతి శృంగారమైన మాట అదే. (నవ్వులు)

ఇక చూడండి, ఎర్ర పెన్సిలూ టేపూ పట్టుకుని ఇల్లంతా కొలిచారు. గదికి రెండు పాయింట్లు. "వంటింట్లో రెండెందుకండీ, కుక్కరుకొకటీ నాకొకటీనా?" అంటే, "రేపేం అవసరమొస్తుందో ఎవరికి తెలుసు, ముందుచూపుండాలి" అన్నారు. మేస్త్రీ గోడలు కొట్టాడు, గొట్టాలు పెట్టాడు. కరెంటు వైరుకూ ఈ వైరుకూ పడదట, పక్కపక్కనే వేయకూడదట, అందుకని కొట్టిన గోడే మళ్ళీ జానెడు అవతల కొట్టించారు. ప్రతి వైరుకీ రెండు చివర్లా చీటీ అంటించారు. అన్నీ తెచ్చి మెట్ల కింద అలమరాలో కలిపి, పరీక్ష చేసే మిషను పెట్టి, పచ్చదీపం వెలిగినప్పుడల్లా నావైపు గర్వంగా చూశారు. పూత పూయించారు, రంగు వేయించారు.

మర్నాడు ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చాడు. బాల్కనీ దగ్గర తన తీగ పట్టుకుని నిలబడి, "సార్, దీన్ని లోపలికి ఎక్కణ్ణుంచి తీసుకెళ్ళాలి?" అన్నాడు.



బాల్కనీ నుంచి అలమరాకి గోడలో దారే పెట్టించలేదు! మీ ఆఫీసులో బయటి లైను లోపలికి తేవడం వేరే శాఖ పనట, ఈయన ఎప్పుడు చూసినా అది దానంతటదే వచ్చి కూర్చుని ఉండేదట. మా వంటింట్లోంచి పడగ్గదికి ఏ కబురైనా క్షణంలో పంపుకోవచ్చు, ప్రపంచంతో మాత్రం సంబంధం లేదు. ఇంకోసారి గోడ కొడితే ఈ గుమ్మం తొక్కనని రంగులవాడు ఒట్టేశాడు. దాంతో ఆ తీగ బాల్కనీ తలుపు సందులోంచి దూరి, హాలు నేల మీదుగా అలమరాలోకి వెళ్ళింది. తలుపు పూర్తిగా పడదు, దోమలు, నేను తన్నుకుని పడటాలు సరేసరి. కానీ నిజం చెప్పొద్దూ, నా పాఠం ఇప్పుడు ఆగడం లేదు. నా కోసం ఒక మనిషి ఇంత హైరానా పడ్డాడని తలుచుకుంటే పడ్డ దెబ్బ కూడా నొప్పి తెలియదు.

బల్ల మొన్ననే వచ్చింది. ఆయన వైపు ఎండ పడకుండా తెర కూడా కట్టాను. ఇవాళ ఇక్కడికొచ్చి ఈ శుభవార్త విన్నాను.

ఏమండీ, చెయ్యెత్తుతున్నారెందుకు? గట్టిగా చెప్పండి. "నేనింకా ఒప్పుకోలేదు" అంటున్నారండీ, వెనక వరసలకు వినపడిందా? ఒప్పుకోలేదట, వద్దనీ అనలేదట. మౌనం అర్ధాంగీకారం కదా, మిగతా సగం మేనేజరుగారు మైకులో పూర్తి చేశారు. (నవ్వులు) మీరు తల దించుకోకండి సార్, ఇందులో మీ తప్పేం లేదు.

నాకు కోపమొచ్చిన మాట నిజం. కోపం కంటే బాధ ఎక్కువైంది. ఈయనకి ఈ ఆఫీసంటే ప్రాణం, నాకు తెలియదా? సోమవారం పొద్దున్న లేచి ఎక్కడికెళ్ళాలా అని బెంగపెట్టుకుని ఈ వారమంతా కంచంలో కెలికి లేచిపోతున్నారు. ఆ బెంగేదో నాకు చెబితే ఏం పోయేది? వెళ్ళొద్దని కాళ్ళకి అడ్డం పడతాననుకున్నారా?

ఏమండీ, జవాబు ఇక్కడ చెప్పకండి. వీళ్ళు దానికీ చప్పట్లు కొట్టేస్తారు. ఇంటికెళ్ళాక చెప్పండి. ఆఫీసుకి వెళ్తాననండి, లేదా ఇంట్లో ఉంటాననండి, నా మొహం చూసి చెప్పండి. ఏదైనా సరే, మొదట నేను వినాలి. మేనేజరుగారికి తర్వాత ఇద్దరం కలిసి చెబుదాం.

ఈయన్ని ఇన్నేళ్ళు నాకంటే ఎక్కువసేపు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక మా ఇద్దరికీ సెలవు.