జేబులో చెవి మిషను

గొంతు డాక్టరమ్మ ఎదుట భార్యను కూర్చోబెట్టి, పెద్దాయన పక్కనే నిలబడ్డాడు.

"స్వరపేటిక బాగా వాచింది. ఇంట్లో ఎవరిమీదైనా అరుస్తారా?"

"అరటిపండా? రోజూ తింటుందండీ."

భార్య అలవాటుకొద్దీ లేచి ఆయన చెవి దగ్గరికి జరిగి నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనే గొంతు పెంచింది.

"మీకు చెవుడు ఎప్పటినుంచి?"

"చెవుడేంటమ్మా! ఈవిడే నసుగుతుంది." అనేశాక ఆయన నాలుక కరుచుకున్నాడు.

"మిషను లేదా?"

"తనే కొనిపెట్టింది. జేబులోనే ఉంది. నలుగురిలో ముసలాడిలా కనబడతానని..."

"మీకోసం అరిచీ అరిచీ గొంతు పోయింది. వాపు తగ్గేదాకా ఆవిడ మాట్లాడకూడదు. గుసగుసలూ వద్దు, వాటితో గొంతు ఇంకా అలిసిపోతుంది. నీళ్లు బాగా తాగించండి. మూడు వారాల్లో తగ్గకపోతే మళ్లీ తీసుకురండి."

ఆయన తలొంచుకుని, మిషను తీసి చెవికి తగిలించుకున్నాడు.

"వినిపిస్తోందా?"

"అన్నీ. పైన ఫ్యానూ, బయట చెప్పుల చప్పుడూ, ఈవిడ ఊపిరీ..."

"మరింకేం?"

"ఈవిడను ఒక్క మాట మాట్లాడనివ్వమ్మా. ఇప్పుడు మెల్లగా అన్నా చాలు."