డ్రైవరు గారి రెండో పుట్టినతేదీ

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు ఇరవై మూడు. కణ చికిత్సలు తయారుచేసే ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థినిని. గడ్డకట్టించిన కణాల సంచిని చల్లని పెట్టెలో ఆసుపత్రికి చేర్చి, అది రోగికి ఎక్కేదాకా పక్కనే ఉండడం నా పని. అందుకే అక్కడ నన్ను పెట్టెమ్మ అంటారు.

రోగి రిటైరైన బస్సు డ్రైవరు. ఆయనకు రక్త క్యాన్సరు. ఆయన రక్తంలోంచే కణాలు తీసి, జబ్బును పోల్చుకుని చంపేలా వాటి జన్యువులను మార్చి, తిరిగి ఆయనకే ఎక్కిస్తాం. క్లుప్తంగా చెప్పమని పోలీసు అధికారి గారు అన్నారు కనుక ఇక్కడితో ఆపుతున్నాను. ఒక్క సంగతి మాత్రం రాసుకోవాలి. సంచిని కరిగించాక అరగంటలోపు ఎక్కించాలి. లేకపోతే కణాలు పాడైపోతాయి. రెండో సంచి లేదు. మళ్లీ తయారుచేసేంత వ్యవధి ఆయన జబ్బు ఇవ్వదు.

మంగళవారం ఉదయం పదిన్నరకు వార్డు గదిలో నేను, నర్సు, డ్రైవరు గారు, ఆయన అక్కగారు ఉన్నాం. ఒకరి సంచి మరొకరికి ఎక్కకుండా, రోగి చేతే పేరు, పుట్టినతేదీ రెండుసార్లు చెప్పిస్తాం. కరిగించే ముందు ఒకసారి, ఎక్కించే ముందు ఒకసారి. మొదటిసారి చెప్పింది సంచి మీది చీటీతో సరిపోయింది. కరిగించాం. రెండోసారి అడిగితే ఆయన వేరే తేదీ చెప్పారు.

నర్సు చెయ్యి ఆగిపోయింది. "ఇందాక ఇంకోటి చెప్పారు కదండీ."

"అది స్కూల్లో రాయించిందమ్మా. ఇది నేను నిజంగా పుట్టిన రోజు. లోపలికెళ్లేవి నా సొంత కణాలంటున్నారు. వాటి దగ్గర కూడా అబద్ధమెందుకని."

"రేయ్, నీ నిజాయితీ తగలెయ్య," అన్నారు అక్కగారు. "ఇన్నేళ్లూ ఆ తేదీతోనే బస్సు నడిపావు. ఇవాళే గుర్తొచ్చిందా నిజం?"

"రాయించింది నువ్వే కదక్కా. దానివల్ల ఏడాది ముందే రిటైరయ్యాను."

"మరి ఇంట్లో ఉంటే నన్ను బతకనిచ్చావా? ఏడాది ఎక్కువ చెప్పి బళ్లో పడేస్తే పీడ పోతుందనుకున్నా. అమ్మా నర్సూ, వీణ్ణి చంకనేసుకుని పెంచాను. వీడు వీడే. ఎక్కించు."

"మీరు చెబితే చాలదండీ. తేదీ కలవకపోతే సంచి వెనక్కి పంపాల్సిందే," అని నర్సు తలుపు వైపు నడిచింది.

అక్కగారు ఆమెకంటే ముందు అక్కడికి చేరారు. తలుపుకే ఉన్న తాళంచెవితో తాళం వేసి, దాన్ని కిటికీలోంచి కిందికి విసిరేశారు. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. అది స్కూలు లెక్కో, నిజం లెక్కో నేను అడగలేదు.

"ఇప్పుడు ఎక్కడికెళ్తావో వెళ్లమ్మా," అన్నారు.

నేను పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన పరుగున వచ్చి, తలుపుకున్న అద్దంలోంచి చూస్తూ, "చేతి పట్టీ మీద నంబరు చదువు," అన్నారు. నర్సు చదివింది. సంచి మీది నంబరు నేను చదివాను. కణాలు తీసిన రోజు డ్రైవరు గారికిచ్చిన నంబరు అది. మరొకరికి ఉండదు. ఒక్క అంకె తేడా లేదు. తేదీ విషయంలో బాధ్యత తనదని డాక్టరు గారు కాగితం మీద రాసి, తలుపు కిందనుంచి లోపలికి తోశారు. నర్సు అది చదివి, మళ్లీ చదివి, సంచి తగిలించింది. అరగంట గడువులో కాస్తే మిగిలింది.

కణాలు ఎక్కుతున్నంతసేపూ డ్రైవరు గారు గొట్టం వంకే చూశారు. అక్కగారు ఆయన పాదం పట్టుకున్నారు. "కాళ్లు చల్లగా ఉన్నాయిరా," అన్నారు. పాదం మీదికి దుప్పటి లాగి, "మేజోళ్లు వేసుకోమంటే వినవు. చల్లగా ఉన్నాయి," అన్నారు.

తాళంచెవి కింద ఎంత వెతికినా దొరకలేదు, తాళం తీసేవాడు వచ్చేసరికి గంట దాటింది. అంతసేపూ నర్సును గదిలో నిర్బంధించారని ఆసుపత్రి సెక్యూరిటీ సూపర్‌వైజరు మీకు ఫిర్యాదు చేశారు. కణాలు ఎక్కించాక గంటసేపు నర్సు రోగి పక్కనుంచి కదలకూడదని మా నియమం. తలుపు బార్లా తెరిచి ఉన్నా ఆమె వెళ్లేది కాదు.

ఈ ఉదయం డ్రైవరు గారికి జ్వరం వచ్చింది. కణాలు పని మొదలుపెట్టాయనడానికి అది మంచి గుర్తని డాక్టరు గారు సంతోషించారు. "జ్వరమొస్తే సంతోషమేంటయ్యా నీకు," అని అక్కగారు ఆయన మీదకీ లేచారు. ఆవిడ ఇప్పుడు మీ స్టేషను బయటి బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి కానిస్టేబుల్నీ టైమెంతైందని అడుగుతున్నారు. త్వరగా పంపించమని కోరుతున్నాను.

ఇదంతా నేను స్వయంగా చూసి, విని, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పింది. రాసింది చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది.

(సంతకం)
సాక్షి