తెల్లకోడి పులుసులో కుడుములు

వీరనాగమ్మకు కళ్ళు కనపడటంలా. ఆ సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలవదనుకునేది. రెండేళ్ళ బట్టి కళ్ళకు పొరలు కమ్మి, ఎదురుగా మనిషి నిలబడినా ఏదో నీడ ఆడినట్టు ఉండేదంట, అంతే. అయినా పొయ్యి దగ్గర కూచుంటే ఆమెకు సాటి లేరు. ఉప్పు ఇక్కడ, కారం అక్కడ, చింతపండు కుండ ఆ మూల, అన్నీ చేతికి తెలుసు. మరి ఎందుకు దాచిందయ్యా అంటే, పక్కూళ్ళో వాళ్ళక్క ఒకామె ఉండేది. ఆమెకూ ఇట్టాగే చూపు పోతే, కోడళ్ళు వసారాలో మంచమేసి, నువ్వు కూచో అత్తా, నీకెందుకు శ్రమ అన్నారంట. మంచి మాటే, తప్పేం లేదు. కానీ ఆ రోజు నుంచి ఆమెను ఏం కూర వండాలని అడిగినోళ్ళు లేరు, ఉప్పు సరిపోయిందా అని అడిగినోళ్ళు లేరు. కంచం తెచ్చి ఒళ్ళో పెడితే తినటం, తీసుకుపోతే చెయ్యి తుడుచుకోటం. నా చేతిలో గరిటె పోయిన రోజు నా బతుకూ అంతే అనుకుంది వీరనాగమ్మ.

ఇంతలో ఏమైందంటే, వానలు పడ్డాయి. ఆమె కొడుకు ఏడుకొండలుకు ఉన్నది ఒకటే ఎద్దు. పక్కింటి గురవమ్మకూ ఒకటే ఎద్దు. రెండూ కలిపి అరక కట్టి, ఓ రోజు వీళ్ళ చేను, ఓ రోజు వాళ్ళ చేను దున్నుకునేవాళ్ళు. అరక కట్టిన మొదటి రోజు కోడిని కోసి పులుసు పెట్టి, అందులో బియ్యప్పిండి కుడుములు వేసుకుని తినటం ఆ ఊళ్ళో ఆనవాయితీ. మొదటి గిన్నె ఎద్దునిచ్చినోళ్ళ ఇంటికి పోవాల్సిందే. ఆ రోజు కొడుకు చేలో ఉన్నాడు, కోడలు అంకాలు నీళ్ళకు పోయింది. పొద్దు వాలుతుంది. వీరనాగమ్మ దొడ్లోకి పోయి నాలుగు నూకలు చల్లి బా, బా అంది. కాళ్ళకు తగిలినదాన్ని పట్టుకుంది. వీళ్ళకు కోయటానికి ఉన్నది ఒక ఎర్రకోడే. బరువు చూసింది, మెడ తడిమింది, మాదే అనుకుంది. ఎరుపో తెలుపో చేతికెట్టా తెలుస్తది, మీరే చెప్పండి. కోసింది, వేణ్ణీళ్ళలో ముంచింది, ఈకలు పీకింది, పసుపు రాసి మంట మీద కాల్చింది.

అంకాలు బిందె దించుతూ ఏదో అనబోయి ఆగిపోయిందంట. ఆ పిల్ల మాటకు మాట అంటించే రకం, గమ్మున ఉండే మనిషి కాదు. కాసేపటికి చీపురు చప్పుడైంది. దీపాలు పెట్టే వేళ చీపురు పడతావేందే, ఇంట్లో లక్ష్మి పోద్ది అని కసిరింది వీరనాగమ్మ. "బిందె తొణికిందత్తా, తడి ఊడుస్తున్నా" అంది కోడలు. ఆమె నమ్మింది. ముక్కల్ని ఉల్లిపాయల్లో వేయించింది, అల్లం వెల్లుల్లి నూరి వేసింది, చింతపండు పిసికి పోసింది. పిండిలో వేణ్ణీళ్ళు పోసి మర్దించి, నిమ్మకాయంత ఉండలు చేసి బొటనవేలితో నొక్కింది. పులుసు తుకతుకలాడేటప్పుడు ఒక్కోటే జారవిడిచింది. కుడుములు పడగానే పులుసు చప్పుడు చేయకుండా పడుకుంటది. అవి ఉడికి పైకి తేలాక మళ్ళీ మాట్లాడటం మొదలెడతది. మనం కళ్ళతో చూస్తాం, ఆమె చెవితో చూసేది. మూత పెట్టి చెవి అటే వేసి కూచుంది.

అప్పుడొచ్చింది గురవమ్మ. నాగక్కా, మా తెల్లకోడి కనపడటంలేదు, మీ దొడ్లోకేమన్నా వచ్చిందా అంటూ. "మీ కోడి ఇక్కడికెందుకొస్తది గురవా, ఉన్నది మా ఎర్రది, అదీ కుండలో ఉడుకుతుంది" అంది వీరనాగమ్మ. గురవమ్మ నవ్వింది. "కుండలో ఉడికేదైతే నా కాళ్ళ దగ్గర నూకలేరుకుంటుందేందక్కా?" అంది. అన్నాక తనకే నవ్వు ఆగిపోయింది. కుండలో ఉన్నది గురవమ్మ తెల్లకోడేనని వీరనాగమ్మకు అర్థమైంది. చీపురు ఎందుకు ఆడిందో, కోడలు ఊడ్చింది తడి కాదు తెల్ల ఈకలని, అప్పుడు తెలిసింది ఆమెకు. ఈలోగా అంకాలు ముందుకొచ్చి, నేనే పట్టిచ్చా చిన్నత్తా, నీళ్ళకు పోయే తొందర్లో చూసుకోలా అంది. గురవమ్మ ఊరుకుంటదా? "చూసుకోలేదా? తెల్లదేదో ఎర్రదేదో తెలవదా? కళ్ళు నెత్తిన పెట్టుకున్నావా? పొరుగింటి కోడి రుచిగా ఉంటదని కోశావని చెప్పరాదూ!" అని ఎత్తుకుంది. కోడలు తల దించుకుని మాటలు పడుతుంది. వీరనాగమ్మ గమ్మునుంటే సరిపోయేది. గరిటె ఆమె దగ్గరే ఉండేది, తిట్లు కోడలికి పోయేవి. ఉండలేకపోయింది. "దాన్ని అనమాక గురవా. కోసింది నేను. కళ్ళు లేంది నాకు" అంది.

ఎప్పటినుంచక్కా అంది గురవమ్మ. రెండేళ్ళు అంది. "రెండేళ్ళా? మరి మొన్న సంక్రాంతికి నా ముగ్గు వంకరగా ఉందని వీధిలో నిలబడి తిట్టావే!" "నీ ముగ్గు తిన్నగా ఉన్నదెప్పుడే? దానికి చూడాలా ఏంది?" అంది వీరనాగమ్మ. గురవమ్మకు నవ్వాలో ఏడవాలో తెలవక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరనాగమ్మ మాత్రం గరిటెను కొంగుతో తుడిచి కోడలి వైపు చాచింది. "ఇంద, ఇక నువ్వు చూసుకో" అంది. అంకాలు గరిటె అందుకోలా. పొయ్యి దగ్గర కూచుని కుండ మూత తీసింది. గుప్పున ఆవిరి ముఖం మీదికి కొట్టింది. "ఏం కనపడి చస్తుంది అత్తా, అంతా పొగే. ఉడికినయ్యా లేదా నువ్వే చెప్పు" అంది. వీరనాగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. చెవి పెట్టి వింది. ఆమెకు నా కళ్ళ సంగతి నీకెప్పుడు తెలిసిందని కోడల్ని అడగాలనిపించింది, అడగలా. "ఇంకో రెండు పొంగులు రానీ. మూత పెట్టెయ్, ఆవిరి పోద్ది" అంది.

అదయ్యా సంగతి. గురవమ్మ తన తెల్లదానికి బదులు ఎర్రకోడిని చంకలో పెట్టుకుని, ఆనవాయితీ ప్రకారం మొదటి గిన్నె కూడా పట్టుకుపోయింది. తన కోడిని తానే చప్పరించుకుంటూ తిని, పులుసులో ఓ రవ్వ ఉప్పు తగ్గిందక్కా అని గోడ అవతల నుంచి కేకేసిందంట. ఉప్పు సరిగ్గానే ఉంది. కోడి పోయిన ఇల్లు కదా, ఆ మాత్రం అనకపోతే ఆమెకు అన్నం అరగదు.