ఏటి కాదు, ఏమిటి

చీర ఉతికి ఇస్త్రీ చేయించాను, తీసుకోండి దేవీప్రసాద్ గారూ. బూట్లు కూడా ఆ సంచిలోనే ఉన్నాయి. రిసార్టు రద్దయిందని ఒక్క ఫోను చెయ్యలేకపోయారు గాని, యూనిఫాం కోసం మాత్రం ఇంటికే వచ్చారు. లేవకండి, కూర్చోండి.

చూశారా, ఎంత చక్కగా మాట్లాడుతున్నానో. కోపంలో కూడా 'చ' పలుకుతోంది. మీరు నేర్పించిందే కదా.

రిజర్వాయరు ఒడ్డున రిసార్టు కడతాం, నీళ్ళ మీద బొమ్మ రైళ్ళు తిప్పుతాం, వచ్చినవాళ్ళకి స్వాగతం చెప్పడానికి ఈ ఊరి ఆడవాళ్ళే కావాలన్నారు. చెరుకు నరికే కూలికెళ్ళేదాన్ని. ఆ ఆకు చేతులు కోసేసే బతుకు తప్పుతుందనుకున్నాను. మాడుగులలో హాలు తీసుకుని మాకు మాట నేర్పించారు. 'ఏటి' కాదు నూకరత్నం, 'ఏమిటి' అనాలి. 'సూడండి' కాదు, 'చూడండి'. పళ్ళ మధ్య పెన్ను పెట్టి మరీ పలికించారు. ఎవరైనా 'ఏటి' అంటే మిగతావాళ్ళు నవ్వాలి, అది మీ రూలు. ఇంటికొచ్చి గేదెతో కూడా మీ భాషే మాట్లాడేదాన్ని.

ఏం, అలా బయటికి చూస్తారు? మీరు దిగిన ఆటో ఎక్కడికీ పోదు. అది మా ఆయనదే.

తెలీదా? ఎలా తెలుస్తుంది లెండి.

మీ పెద్ద సారు హైదరాబాదు నుంచి వచ్చిన రోజు గుర్తుందా? హల్వా పళ్ళెం పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. మా ఆయన నానాజీ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చేడు. ఆ చీరలో నన్ను చూసి మురిసిపోయేడు. ఆ సంబరంలో తిన్నగా మీ సారు దగ్గిరికే ఎల్లి, "ఏటి బాబూ, నీల్ల మీద రైలెలాగ నడుత్తాది? మునిగిపోదేటి?" అన్నాడు.

మంచి ప్రశ్నే కదా. మీలో ఒక్కరైనా అడిగేరా ఆ మాట?

అంతా నవ్వేరు. ఎవరమ్మా ఈయన, అని మీ సారు నన్నడిగేడు. మీరు నా పక్కనే ఉండి కళ్ళెర్రజేసేరు. అవునా కాదా?

"ఆటో అతను సార్" అన్నాను. అచ్చం మీరు నేర్పినట్టే అన్నాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

మా ఆయన సాయంత్రం ఆటో తెచ్చి నా ముందు ఆపి, "ఎక్కడికి వెళ్ళాలి మేడమ్?" అన్నాడు. ఆ రోజు కాడ్నించీ ఇంట్లో ఇదే వరస. "అన్నం పెడతారా మేడమ్." "లైటు తీసేయమంటారా." ఎక్కడ నేర్సుకున్నాడో తెల్సా? నాకాడే. నాను అద్దం ముందు నిలబడి మీ పాటం వప్పజెప్పుకుంటంటే, మంచం మీద కూకుని ఇన్నాడు.

మావా అని ఏడిసేను. కాల్లట్టుకున్నాను. "అయ్యో, లేవండి మేడమ్" అన్నాడు.

నవ్వొత్తందేటి బాబూ? నవ్వకండి. మీకేటి, ఇక్కడ కాపోతే ఇంకో ఊర్లో కట్టుకుంటారు, ఇంకొందరి నోట్లో పెన్నులెడతారు. ఉజ్జోగం పోనాదని ఏడవట్లేదు నాను. సెరుకు తోటలు ఎక్కడికీ పోలేదు. నా మాట కూడా నాకొచ్చీసింది సూడండి, మీ మీద కోపంతోటి. ఇనాల్సినోడే నాతో ఆ మాట మాటాడ్డు.

ఇంక ఎల్లండి. సబ్బవరం దాకా దించుతాడు. మీతో బాగానే మాటాడతాడు, మా మాటే మాటాడతాడు. ఊరందరితోటీ అంతే, నాతోటే కాదు. ఆటో ఎక్కే ముందు ఇక్కడే గుమ్మం కాడ ఆగి, ఏదో ఒకటి అడగండి. ఓ పట్టాన వొదలకండి. 'ఏటి బాబూ' అనేదాకా అడగండి.

నాను తలుపెనకాల నిలబడి ఇంటాను.