నలభై సెకన్ల బాణీ

లేదు లేదు, కూర్చో. లేవకు. ఇప్పుడే వచ్చావు, అప్పుడే తొందరేమిటి? ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు పొట్టి. ఇటు రా. ఇక్కడైతే నీ మొహం సరిగ్గా కనబడుతుంది నాకు.

ఎన్నిసార్లు అడిగానయ్యా నిన్ను? నాలుగుసార్లు! ఒకసారి ఎడిటింగ్ గదిలో, రెండుసార్లు ఫోన్లో, ఇంకోసారి మెట్ల మీద ఆపి మరీ అడిగాను. "సినిమా చివర వచ్చే ఆ బాణీ నువ్వు కట్టిందేనా?" అని. నాలుగుసార్లూ "నాదేనండీ" అన్నావు. నాకు అక్కడే తేడా కొట్టింది. ఈ సినిమాకి సంగీతం ఒప్పుకున్న రోజు నుంచి నువ్వు ఎవర్నైనా అండీ అనగా నేను వినలేదు.

పైగా సంతకం కూడా పెట్టావు. ఇదిగో, ఇక్కడ. 'ఇందులోని సంగీతమంతా నా సొంతం' అని ఉంది. చదివే పెట్టావా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అప్పుడు కూడా ఆ గడ్డం తడుముకుంటూనే ఉన్నావు.

నా పనేమిటో తెలుసా నీకు? మ్యూజిక్ సూపర్‌వైజరంటే చల్లటి గదిలో కూర్చుని పాటలు వింటూ తల ఊపేవాడని అనుకుంటారు జనం. తల ఊపడానికి జీతమెవడిస్తాడు? సినిమాలో వినబడే ప్రతి ముక్కా ఎవరిదో నేను కనుక్కోవాలి. పక్కింటి రేడియోలో మూడు సెకన్లు ఏదో మోగిందనుకో. అది కట్టినవాడెవడు, పాడినవాడెవడు, వాడు పోయుంటే వాడి పెళ్లాం ఏ ఊళ్లో ఉంది, అన్నీ వెతికి సంతకం పట్టుకురావాలి. పెద్ద సినిమాలకైతే వకీళ్లుంటారు. ఇలాంటి చిన్న సినిమాకి నేనే వకీలు, నేనే పోలీసు, నేనే పోస్టుమాన్.

డైరెక్టరమ్మ నాలుగేళ్లు పడి తీసింది ఈ సినిమా. శుక్రవారం కాగితాలిస్తేనే ఛానెల్ వాళ్లు తీసుకుంటారు. ఒక్క బాణీ మీద అనుమానమున్నా మొత్తం తిప్పి పంపేస్తారు. ఆ కాగితాల అడుగున 'అన్నీ సరిచూశాను' అని సంతకం పెట్టేది నేను. మరి అడగనా? చెప్పు, అడగనా?

నన్ను వెనకాల అనుమానపు పక్షి అంటారుగా మీరంతా. తెలుసులే. అనుకోండి. ముప్పై ఏళ్లలో నేను సంతకం పెట్టిన ఏ సినిమా మీదా ఒక్క గొడవ రాలేదు.

ఏమిటా కిటికీ వైపు చూపులు? కింద బండి అడ్డంగా పెట్టొచ్చావా ఏమిటి? సరే, ఇటు చూడు.

సినిమా చివర ఆ ముసలి దర్జీ కొట్టు షట్టర్ దించుతాడే, అక్కడ కదా ఆ నలభై సెకన్లు. ఒట్టి కీబోర్డు, ఇంకేం లేదు. మొదటిసారి వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇది నేను విన్నాను! ఎక్కడ? తెలీదు. కానీ విన్నాను, ఒట్టు.

నీ సంగీతం బాగుండదని కాదు. బాగుంటుంది. కానీ నీ వరసలన్నీ పరిగెడతాయి, ఒక్కచోట నిలవవు. ఇదొక్కటీ నాలుగడుగులు వేసి ఆగుతుంది. ఏదో అడగబోయి మానేసినట్టు ఆగుతుంది. నువ్వు ఆగే మనిషివి కాదు నాయనా.

ఇరవై ఒక్క రోజులు వెతికాను. కంప్యూటర్‌కి వినిపిస్తే ఇలాంటిది ఎక్కడా లేదంది. దాన్ని నేను నమ్మను. పాత రేడియో నాటకాలు, సబ్బుల ప్రకటనలు, మూతబడిన కంపెనీల క్యాసెట్లు, అన్నీ తెప్పించుకుని విన్నాను. వాయిద్యాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన కొట్టుకెళ్లి వినిపించాను. కళ్లు మూసుకుని మూడుసార్లు విన్నాడు. "ఎవరిదో చెప్పలేను గానీ, కట్టింది మాత్రం చిన్నపిల్లలు" అన్నాడు. చిన్నపిల్లలేమిటి, గడ్డం ఇంత పెంచినవాడి బాణీకి? ఇంకేముంది, నా అనుమానం ఇంకో మెట్టెక్కింది.

నీ వెనకాల కూపీ కూడా లాగాను, దాచడమెందుకు! నీ దగ్గర గిటారు వాయించే అతనికి టీ తాగించి అడిగాను. "ఆ ముక్క రికార్డు చేసిన రోజు మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వలేదు సార్" అన్నాడు. తీగ లాగితే డొంక కదిలిందిరా అనుకున్నాను. డైరెక్టరమ్మనడిగితే చెంప గోక్కుంటూ "మంచి బాణీ కదా అంకుల్, వదిలేయకూడదా?" అంది. మంచిదైతే వదిలేస్తారా ఎవరైనా? మంచిదైతేనే కదా, అది ఇంకెవరిదో అయ్యుంటుంది!

మొన్న ఆదివారం పొద్దున స్నానం చేస్తూ అదే వరస కూనిరాగం తీస్తున్నాను. ఇన్ని రోజులుగా నోట్లో అదే కదా. బయటికొచ్చి చూస్తే మా ఆవిడ వంటగదిలో కొళాయి కింద చేతులు పెట్టి అలాగే నిలబడిపోయి ఉంది. నీళ్లు పోతున్నాయి. "ఏమైందే?" అన్నాను. వెనక్కి తిరక్కుండా అంది, "దాని పాట మీ నోట్లోకి ఎలా వచ్చింది?"

"ఎవరి పాట?" అన్నాను. చూశావా, అప్పుడు కూడా నా నోట్లోంచి వచ్చింది ఆ ప్రశ్నే.

మా అమ్మాయి పాటట. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికారని చెప్పుకుంటారే, అది నేనేనయ్యా.

ఆ మధ్యాహ్నమే మా ఆవిడ దానికి ఫోన్ చేసి అంతా కక్కించింది. బాణీ అదే ఇచ్చిందట. అదే వచ్చి వాయించి వెళ్లిందట. పేరు మాత్రం నీది వేసుకోమందట, నాన్నకి తెలియకూడదందట. అంటే నేను అనుమానించింది నిజమే కదా! నీది కాదన్నాను, నీది కాదు. గెలిచాను. ఆ నీళ్ల సీసా ఇలా ఇవ్వు.

నీకు ఎంత చెప్పింది అది? సగం చెప్పుంటుంది. మిగతాది నేను చెబుతాను విను.

అప్పుడు దానికి పద్నాలుగేళ్లు. వెనక గదిలో చిన్న కీబోర్డు ఉండేది, రెండు మీటలు మోగేవి కావు. ఒక సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి ఈ వరస వినబడింది. వెంటనే పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, నేనే కట్టాను! ఎలా ఉంది?" అంది. నేనేమన్నానో తెలుసా? బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు. "ఎక్కడ విన్నావు?" అన్నాను.

ఎక్కడా వినలేదంది. "విన్నది మనకు తెలీకుండానే చేతుల్లోకొచ్చేస్తుందమ్మా, బాగా గుర్తు తెచ్చుకో" అన్నాను. అన్నాల దగ్గర అడిగాను. బడికెళ్తుంటే జడ వేసుకుంటున్నదాన్ని ఆపి అడిగాను. మూడు రోజులు. మూడో రోజు అదే నా ముందుకొచ్చి, తలెత్తకుండా, "అవును నాన్నా, కాపీ కొట్టాను" అంది. ఎక్కణ్ణుంచి అంటే గుర్తులేదంది. "చూశావా, నేను చెప్పలేదూ!" అన్నాను.

అక్కడితో ఊరుకున్నానా? కాగితం ముందు పెట్టి రాయించాను. నీతి నేర్పుతున్నానట! 'ఈ బాణీ నాది కాదు. ఇంకొకరిది నాదని ఇంకెప్పుడూ చెప్పను.' కింద బాణీ సరిగమలు, తేదీ, సంతకం. సంతకం చివర చిన్న తోక గీసేది అది, ఆ రోజు గీయలేదు. ఆ వారంలోనే కీబోర్డుకి దుప్పటి చుట్టి మంచం కింద తోసేసింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తోంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు నేనెత్తితే "అమ్మ లేదా?" అంటుంది, అంతే.

ఆ కాగితం ఏమైందంటావా? నేను కాగితం పారేసే మనిషినా! ఇదిగో. పదిహేడేళ్లు ఇనప బీరువాలో ఉంది, ఒక్క మడత చెదరలేదు. ఇప్పుడు తమాషా చూడు. లోకమంతా గాలించినా ఈ బాణీ నాదని వచ్చేవాడు ఒక్కడు లేడు. దీనికి అడ్డమల్లా ఈ కాగితమే. ఛానెల్ వాళ్ల ఫారంలో ఆఖరి గడి చదువు. 'ఈ సంగీతం విషయంలో వివాదం తెలిపే పత్రాలేమైనా మీ దగ్గర ఉన్నాయా?' ఏం రాయమంటావు? రాయించింది నేను, దాచింది నేను, ఇప్పుడు లేదని రాయాల్సింది కూడా నేనే.

నిజం చెప్పు. ఇది అది వేసిన ఎత్తు కాదు కదా? ఇన్ని సినిమాలుండగా, నేను సరిచూసే సినిమాలోనే పెట్టించిందేం? నాన్న గుర్తుపడతాడో లేదో చూద్దామనా? లేక సరిచూసేది నేనని తర్వాత తెలిసి, భయపడి పేరు దాచమందా? రెంటిలో ఏదో నీకు తెలిసే ఉంటుంది. తల అడ్డంగా ఊపుతావేం? తెలీదనా, చెప్పననా?

పోనీలే. మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో కూడా నేను అడగను. ఆ గడి నా ఫారంలో లేదు.

ఇంకొకటుంది. మా ఆవిడకి కూడా తెలీదు ఇది. ఆ మూడు రోజులూ నేను ఆఫీసులో కూర్చుని వెతికాను, ఇప్పటిలాగే. దొరకలేదు. రెండో రోజు సాయంత్రానికే అర్థమైపోయింది నాకు, అది ఎవరి దగ్గరా ఎత్తుకొచ్చింది కాదని, దానిదేనని. తెలిసి కూడా మూడో రోజు అడిగాను. తెలిసి కూడా కాగితం పెట్టాను దాని ముందు.

ఎందుకా? కుర్రతనంలో నేనూ బాణీలు కట్టాను నాయనా. ఒక్కటీ నిలవలేదు. అందుకే కదా ఊళ్లోవాళ్ల బాణీలకి కాపలా కాస్తున్నాను. ఇంత మంచిది మా ఇంట్లో, ఆ మోగని మీటల కీబోర్డు మీద పుట్టిందంటే నా మనసు ఒప్పుకోలేదు. దొంగదైతే బాగుండుననిపించింది. కన్నతండ్రికి అలా అనిపించింది. సిగ్గుగా ఉందయ్యా చెప్పుకోవడానికి.

సరే, విను. ఫారంలో నీ పేరు కొట్టేసి దాని పేరు రాశాను. దాని సంతకం కావాలి. ఈ పాత కాగితం కూడా నువ్వే పట్టుకెళ్లు. చింపాల్సింది అది, నేను కాదు. ఇరవై ఒక్క రోజులు వెతికాడట, ఎక్కడా దొరకలేదట అని చెప్పు. అంతవరకే చెప్పు. చాలా బాగుందన్నాడని నీ సొంతంగా కలపకు, అది నమ్మదు.

మళ్లీ కిటికీ వైపే! ఏముందయ్యా అక్కడ? జరుగు, నన్ను చూడనీ.

ఆ ఆకుపచ్చ కారా? లోపల ఉన్నది... ఎప్పట్నుంచి? నువ్వొచ్చినప్పట్నుంచా? గంట నుంచి దాన్ని ఎండలో కూర్చోబెట్టి ఇక్కడ నా సోది వింటున్నావా నువ్వు!

వద్దు, పిలవకు. ఫోన్ జేబులో పెట్టు. పైకొచ్చి నా ముందు ఆ కుర్చీలో కూర్చుందంటే అది మళ్లీ పద్నాలుగేళ్లదైపోతుంది. నేనే దిగుతాను. ఏదీ, ఆ పాత కాగితం ఇలా ఇవ్వు. ఫారం ఇక్కడే ఉండనీ. కలం కూడా వద్దు.

నువ్వు ముందు దిగు. నాకు మోకాళ్ల నొప్పి, నాలుగంతస్తులు దిగేసరికి ఆలస్యమవుతుంది. కారు పక్కన ఊరికే నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. నేను వస్తున్నానని మాత్రం చెప్పకు. చెబితే బండి తీసుకుని వెళ్లిపోతుంది. ఆ మాటకొస్తే దాని చోట నేనున్నా వెళ్లిపోదును.